కొబ్బరిచెట్టు మీద తెగిన కేబుల్

రాజోలు దిగువ లంకలో, కొబ్బరిచెట్టు మీద రెండు నిలువుల ఎత్తున ఇంటర్నెట్ కేబుల్ తెగి వేలాడుతోంది.

కత్తివేటు. నున్నగా తెగింది.

గోదావరి పొంగి వారంగా పడవల్లేవు. సెల్ సిగ్నల్ అందని చోటు. వరద కంట్రోల్ రూముతో మాట్లాడాలన్నా ఆ ఒక్క తీగే దిక్కు. నిన్న మధ్యాహ్నం రెండింటికి, హోరువానలో, అదీ పోయింది.

అదే సాయంత్రం ఆరింటికి ఇంజనీరింగ్ సీట్ల వెబ్ ఆప్షన్లకు ఆఖరి గడువు. ఆన్‌లైన్ పాఠాలు విని ర్యాంకు తెచ్చుకున్న నిఖితకు సీటు లేకుండా పోయింది.

తెల్లారి వరద తీయగానే ఎస్సై రామ్మూర్తి పోలీసు పడవలో వచ్చాడు. వెంట కేబుల్ ఆపరేటర్ అనిల్ కుమార్. నిఖితనూ, కొబ్బరి దింపు పని చేసే ఆమె తండ్రి దానాన్నీ, ట్యూషన్ మాస్టారు ముత్యాలరాజునూ అరుగు మీద కూర్చోబెట్టాడు.

"మాస్టారూ, ఈ కేబుల్ వచ్చేక మీ ట్యూషన్ ఖాళీ అయిపోయిందంట?"

"ఆయ్. రోజూ తిట్టుకున్నానండీ. కానీ నా మోకాళ్ళు చూసేరా? గుమ్మం ఎక్కడానికే మనిషి సాయం కావాలి. చెట్టెక్కుతానా?"

"ఎక్కేవాణ్ణి పెట్టొచ్చుగా?"

"ఆ పిల్లకి ఎక్కాలు నేర్పింది నేనేనండీ!"

రామ్మూర్తి నిఖిత వైపు తిరిగాడు.

"ఆఖరి రోజు దాకా ఎందుకు ఆగేవమ్మా?"

"నాన్నే ఆగమన్నాడండి. నిదానంగా ఆలోచించుకుని పెడదువుగాని అన్నాడు."

రామ్మూర్తి తెగిన కేబుల్ కొసలు చూపించాడు. రెండింటికీ సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి, బిగించి కట్టి ఉన్నాయి.

"అనిల్, ఇది నువ్వు చుట్టేవా?"

"లేదండి. నేనొచ్చేసరికే ఉన్నాయి."

"పగతో నరికినవాడు నరికి పోతాడు. వాన తగలకుండా కట్టు కట్టడు. వీడికి ఈ లైను మళ్ళీ కావాలి. ఆరు దాటేక అతికిద్దామనుకున్నాడు."

అనిల్ నవ్వాడు. "కరెంటు వైరనుకున్నాడేమోనండి. లోపలున్నది గాజు. మెలేస్తే అతుక్కోదు, మిషను కావాలి."

"రాత్రికి ఎవరికి కావాలి ఈ లైను, దానం?"

దానం తలెత్తలేదు.

"కువైట్ నుంచి జయమ్మ ఫోను చేస్తాదండి. ఏడేళ్ళయింది. నా పెళ్ళాం ఫోన్లో బొమ్మయిపోయింది. చదువు ఫోన్లోకొచ్చిందంటే సంతోషించేనండి. ఆ చదువే పిల్లని పట్టుకుపోతే, ఇదీ బొమ్మే కదండీ."

నిఖిత ఏడవలేదు. "చెట్లెక్కి ఈ కేబుల్ లాగింది కూడా నువ్వే కదా నాన్నా."

ముత్యాలరాజు లేవలేక లేచి, దానం చేతికి మంచినీళ్ళ గ్లాసిచ్చాడు. అతను తాగేదాకా రామ్మూర్తి పెన్ను తీయలేదు.

అనిల్ కేబుల్ అతికించాడు. కాసేపటికి నిఖిత ఫోను మోగింది. తెర మీద జయమ్మ.

"రాత్రంతా చేస్తానే ఉన్నానే! ఏ కాలేజీ పెట్టేవు?"

నిఖిత ఫోను తండ్రి చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు."