ఎర్ర లైటు వెలగని పెట్టె

సాయంత్రం 5:22.

మేస్టారు కుర్చీలోనే పోయి ఉన్నారు. ఎదురుగా మైకు. మెడకి కేబుల్.

నవలలు చదివి రికార్డు చేయడం ఆయన వృత్తి. ఎనిమిదేళ్ల కిందట గొంతుకి ఆపరేషన్ అయింది. అప్పట్నుంచీ ఇంట్లో మాట్లాడితే బొంగురు. మైకు ముందు కూర్చుంటే మాత్రం పాత గొంతు వచ్చేసేది. అందరూ ముక్కున వేలేసుకునేవారు. చదివేటప్పుడు లోపలికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు, పేజీలు తిప్పే శిష్యుణ్ణి తప్ప.

కంప్యూటర్ రిపేరుకి వెళ్లి మూడు రోజులైంది. అయినా సాధన మానలేదు. అరచేతంత ఆడియో ఇంటర్‌ఫేస్ పెట్టెని ఫోను ఛార్జర్‌కి తగిలించారు. మైకు వైరు అందులోకి, అందులోంచి ఇంకో వైరు ముందుగది స్పీకర్‌కి. కంప్యూటర్ లేకపోయినా గొంతు నేరుగా వచ్చేస్తుంది. కూతురు ముందుగదిలో కూర్చుని వింటూ తప్పులు రాసుకునేది.

ఇన్‌స్పెక్టరమ్మకి ఆ కూతురు చెప్పిన సాక్ష్యమే సొంత బాబాయి కొంప ముంచింది.

"శిష్యుడు 4:45కి వెళ్లిపోయాడు మేడం. 5:05కి నాన్న చదవడం మొదలెట్టారు. 5:18కి ఆపారు. 5:20కి బాబాయి లోపలికెళ్లాడు. రెండు నిమిషాలకి కేకేశాడు."

"మధ్యలో ఇంకెవరైనా?"

"ఎవరూ లేరు. ఉన్నది ఒక్కటే తలుపు."

"చదివింది మీ నాన్నగారేనా?"

"నాన్న గొంతు నేను గుర్తుపట్టనా?"

ముందురోజు అన్నదమ్ములు పోట్లాడుకున్నారు. 'నీ పీక నొక్కేస్తా' అని తమ్ముడు అరిచాడు. కోపంలో ఎవరైనా అనే మాటే. కానీ మర్నాడు అన్న పీక నిజంగానే నొక్కి ఉంది. ఇంకేముంది, లాకప్పు. రేపు పదింటికి కోర్టు.

ఇన్‌స్పెక్టరమ్మకి అది మింగుడు పడలేదు. సీల్ వేసిన గది ఫొటోలు మళ్లీ చూసింది. ఇంటర్‌ఫేస్ మీద పచ్చ లైటు వెలుగుతోంది. దాని పక్కనున్న ఎర్రది వెలగడం లేదు.

మర్నాడు ఉదయం 8:00కి కూతుర్నీ, బాబాయినీ, శిష్యుణ్ణీ ఆ గదిలోకే పిలిపించింది. బాబాయి చేతులకి బేడీలు. కూతురు ఆయన వైపు చూడలేదు.

"అమ్మా, మైకులో మాట్లాడు."

కూతురు మాట్లాడింది. ముందుగదిలో స్పీకర్ ఉలకలేదు, పలకలేదు.

ఇన్‌స్పెక్టరమ్మ పెట్టె మీద 48V అన్న బటన్ నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది.

"ఇప్పుడు."

"నాన్నా..." స్పీకర్‌లోంచి ఇల్లంతా వినిపించింది.

"ఈ రకం మైకుకి పెట్టె నుంచి కరెంటు అందాలి. లేకపోతే మూగది. నిన్న సీల్ వేసినప్పుడు ఈ బటన్ ఆఫ్‌లో ఉంది. మరి 5:05కి స్పీకర్‌లో పలికిందెవరు?"

ఆవిడ మైకు వైరు చూపించింది.

"ఈ వైరు ఊడదీయండి." ముందు బాబాయికి చెప్పింది. ఆయన బేడీల చేతులతోనే గుంజేశాడు. స్పీకర్ ఢబ్బుమంది. ఆవిడ మళ్లీ తగిలించింది. "ఇప్పుడు నువ్వు."

శిష్యుడు వంగాడు. ముందు బటన్ నొక్కాడు. ఎర్ర లైటు ఆరింది. తర్వాత వైరు మీద చెయ్యి వేశాడు. వేసి, అలాగే ఆగిపోయాడు.

"'ముందు బటన్, తర్వాత వైరు.' మేస్టారు నేర్పిన మొదటి పాఠం. కంప్యూటర్ లేదు, రికార్డింగ్ వినిపించే వీల్లేదని అందరం అనుకున్నాం. దీనికి ఫోను చాలు. నిన్న మేస్టారి మెడకి కేబుల్ బిగించాక, అలవాటుగా బటన్ ఆపి, మైకు వైరు తీసి, అక్కడ ఫోను వైరు పెట్టావు. మొదట ఇరవై నిమిషాలు నిశ్శబ్దం, తర్వాత చదవడం. ఆ టైములో నలుగురు చూసేలా నువ్వు ఎదురుగా ఉన్న సెలూన్‌లో కూర్చున్నావు. కేక విని పరిగెత్తుకొచ్చావు. వీళ్లిద్దరూ గుమ్మంలో ఏడుస్తుంటే ఫోను తీసి మైకు వైరు మళ్లీ పెట్టావు. బటన్ మళ్లీ నొక్కడం మర్చిపోయావు. ఎందుకు చేశావు?"

"ఎనిమిదేళ్లు చదివాను మేడం." శిష్యుడు వైరు వదిలేశాడు. "ప్రతి పుస్తకం నేనే. ఈ ఒక్కదాని మీదైనా నా పేరు వెయ్యమన్నాను. 'నీ గొంతు నేను పెట్టిన భిక్షరా' అన్నారు."

కూతురు శిష్యుడి వైపు తిరిగింది. "అంటే నిన్న నేను విన్నది..."

శిష్యుడు తలెత్తాడు. మెత్తగా, నిండుగా, అచ్చం వాళ్ల నాన్నలా పలికాడు.

"నేనేనమ్మా."

ఆ పిల్ల చెవులు మూసుకుంది. ఎనిమిదేళ్లు ఎవరి గొంతు విని మురిసిపోయిందో, ఎవరి గొంతుకి సాక్ష్యం చెప్పిందో అప్పటికి తెలిసింది. తెలిసి ఏం లాభం?

శిష్యుణ్ణి తీసుకెళ్లిపోయారు. బాబాయికి బేడీలు తీశారు. ఆయన మణికట్లు రుద్దుకుంటూ గుమ్మం దాటాడు. కూతురు బల్ల మీద వాలిపోయింది. చెయ్యి తగిలి బటన్ నొక్కుకుంది. ఎర్ర లైటు వెలిగింది.

"బాబాయ్," అంది చివరికి, మైకు ముందే.

ముందుగదిలో స్పీకర్ గట్టిగా పిలిచింది. ఆయన సరిగ్గా దాని పక్కనుంచే వెళ్తున్నాడు. విన్నాడు. ఆగలేదు.