పునరభ్యాస పేటిక

2078 జూన్. కాకినాడలోని ఆ బడి గేటు ఒక్కొక్కరినీ లోపలికి పంపుతూ, ఆ మెదడు ఎన్నేళ్ల చదువు చదివిందో పైకి చెబుతోంది. ఏడో తరగతిలో చేరాల్సిన విరజను చూసి, "ఏడేళ్లు" అంది. ఆమె తోటి పిల్లలందరికీ "ఎనిమిదేళ్లు" అంది.

విరజ తల్లి డాక్టర్ ఇందుమతి ఆ రెండు అంకెలూ వింది. ఆ గేటు చెప్పేదంతా ఆమె కనిపెట్టిన పునరభ్యాస పేటిక పుణ్యమే.

విరజకు అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. కిందటి వేసవిలో బడివాళ్లు ఐదో తరగతి మళ్లీ చదివించమన్నారు. స్నేహితులు పై తరగతికి వెళ్లిపోతారని పిల్ల అన్నం మానేసింది. నిద్రలో జ్ఞాపకాల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన ఇందుమతి అప్పుడే పేటికను పూర్తిచేసింది. అందులో నాలుగు రోజులు నిద్రపోతే మెదడు ఒక విద్యాసంవత్సరమంతా గడుపుతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు మాత్రమే ప్రభుత్వం దాన్ని అనుమతించింది. విరజ అందులో ఐదో తరగతి మళ్లీ చదివి, స్నేహితులతోపాటే ఆరో తరగతికి వెళ్లింది, పాసైంది.

ప్రిన్సిపాల్ దయాకర్ ఇందుమతిని గదిలోకి పిలిచాడు.

"పాపని ఆరులోనే ఉంచాలండి."

"పాసైంది కదండీ!"

"అయిందండి. మిగతా ముప్పై తొమ్మిది మందీ సెలవుల్లో పేటికలో పడుకుని ఏడూ ఎనిమిదీ చదివేసొచ్చారు. పాఠాలు ఆ పైనుంచే మొదలెడుతున్నాం."

"వాళ్లకేం ప్రత్యేక అవసరాలున్నాయి?"

"సర్టిఫికెట్లున్నాయండి." ఆయన తల దించుకున్నాడు. "మా అమ్మాయిక్కూడా."

"అయితే విరజనూ పడుకోబెడతాను."

"పాప సర్టిఫికెట్ రద్దయిందండి. ఆరు పాసైంది కాబట్టి ఇంక అవసరం లేదని రాశారు."

వరండాలో ఇందుమతి కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ల్యాబ్ తాళాలు నా దగ్గరే ఉన్నాయి తల్లీ. ఎనిమిది రోజులు పడుకుంటే చాలు. ఎవరికీ తెలీదు."

"నేను పడుకుంటే వాళ్లు మళ్లీ పడుకుంటారు కదమ్మా!" అంది విరజ.



విరజ సంచి తగిలించుకుని ఆరో తరగతి గదిలోకి వెళ్లింది. తనకంటే చిన్నపిల్లల మధ్య, వెనక బల్ల మీద కూర్చుంది. పక్క గదిలో ఆమె స్నేహితులు తొమ్మిదో తరగతి లెక్కలు చేసుకుంటున్నారు. ఒక్కరూ తలెత్తి చూడలేదు.