అచ్చులో పడని చెప్పు

"ఆగు! ఆగకపోతే కాలుస్తా!"

ఆమె పేరు పిచ్చుక. ఆగదు.

వర్షం దంచుతోంది. రాత్రి ఏడున్నర. ఇంకా షాపులు కూడా కట్టెయ్యలేదు. అంతలో టప్పున వీధి మొత్తం ఆరిపోయింది.

కరెంటు పోయింది.

మంచిదే! చీకట్లో గురి కుదరదు.

ఆమె చంకలో ప్లాస్టిక్ కవరు. అందులో ఒకే ఒక్క డ్రాయింగ్ షీటు. చెవి దగ్గర ఫోను. అవతల రింగవుతూనే ఉంది. అక్క ఎత్తడం లేదు.

"ఎత్తవే... ఎత్తు..."

వెనక బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. ఇన్‌స్పెక్టర్ మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి. అయినా ఈ పరుగేమిటి తల్లీ!

ఇంకో మూడు వీధులు. అంతే.

పారిపోవడం కాదిది. ఆ మాట ఆగి చెప్పే టైం లేదు.

అక్క మెడకు తాడు పడబోతోంది!

* * *

ఇరవై నిమిషాల క్రితం ఆమె మాస్టారి గదిలో ఉంది.

పొడుగాటి బల్ల. రెండు లైట్లు. సిరా సీసాలు. పన్నెండేళ్లుగా అక్కడే ఆమె ఉద్యోగం. వారపత్రికలో వచ్చే మాంగాకి, అంటే జపాను తరహా బొమ్మల కథకి, సిరా వేయడం. మాస్టారు నీలం పెన్సిల్‌తో బొమ్మ గీస్తారు. ఆ గీతల మీద ఆమె నల్ల సిరా దిద్దుతుంది. నీలం గీత స్కానర్ కంటికి ఆనదు. సిరా పడ్డది అచ్చులో పడుతుంది. పడనిది పాఠకుడికి లేనట్టే.

కథ నాలుగు వందల ఏళ్ల కిందటిది. ఒక కోట. అందులో నిద్రపట్టని సేనాపతి. తను తగలబెట్టించిన ఊరి కేకలు వాడి చెవుల్లోంచి పోవు. అందుకని చప్పుడు చేసేవాళ్లను వెతికి వెతికి చంపుతాడు. గంట కొట్టేవాణ్ని. భేరి మోగించేవాణ్ని. మెడకు సన్నటి తాడు. చెవుల్లో మైనం. తర్వాత శవం పక్కన కూర్చుని జోకొడతాడు.

"నాకు లేని నిద్ర నీకిచ్చాను... పడుకో."

పాఠకులకు వాడంటే పిచ్చి.

ఎవరికో మరీ పిచ్చి!

పోయిన నెల ఈ ఊళ్లో నిజంగానే చచ్చాడు గడియారాలు బాగుచేసే ముసలాయన. పోయిన వారం బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. మెడకు తాడు. చెవుల్లో మైనం.

ఆ హత్యల సంగతి అడగడానికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ బల్ల మీదున్న క్యారేజీని పక్కకు నెట్టి ఫోటో పెట్టింది.

"మీ మాస్టారి బుర్ర చల్లగుండ! ఆయన కథలు రాస్తున్నాడు, నేను పంచనామాలు రాస్తున్నాను. చూడండి. పేపరువాళ్లకివ్వని ఫోటో ఇది."

డ్రమ్మర్ పడుకుని ఉన్నాడు. తల కింద చెప్పు. అతని ఎడమకాలి చెప్పే. అడుగు పైకి వచ్చేలా తిరగేసి, దిండులా సర్ది...

పిచ్చుక ఫోటో మీదకు వంగింది.

"ఇది మీ కథలో ఉందా?" అడిగింది ఇన్‌స్పెక్టర్. "నేను పాత సంచికలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు."

"ఉంది."

"ఎక్కడ?"

పిచ్చుక సొరుగు లాగింది. పదకొండో అధ్యాయం. తొమ్మిదో పేజీ. ఒరిజినల్ షీటు.

నల్లటి సిరాలో పడి ఉన్న భేరివాడు. వాడి తల కింద... లేత నీలం గీతల్లో... తిరగేసిన చెప్పు!

"దీని మీద సిరా వేయడం మర్చిపోయానండీ." ఆమె నీలం గీతల మీద వేలు పెట్టింది. "ఆ రోజు పేజీలు ఆలస్యమయ్యాయి. ఎడిటర్‌గారు ఫోన్ల మీద ఫోన్లు. హడావిడిలో ఇది వదిలేశాను. అచ్చులో పడలేదు. మాస్టారు కూడా తర్వాత చూసి నవ్వి ఊరుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ షీటును లైటు కిందకు జరిపింది.

"అంటే... అచ్చైన కథ చదివినవాడికి చెప్పు సంగతి తెలీదు."

"తెలీదు."

"ఈ షీటు చూసినవాళ్లెవరు?"

"ఇద్దరం. మాస్టారు, నేను. ఒరిజినల్స్ ఈ గది దాటవు. స్కానింగు కూడా నేనే చేసి పంపిస్తాను. ఎడిటర్‌గారు ఈ గుమ్మం తొక్కి ఏడాదైంది."

"మాస్టారేరి?"

"ఐదింటికి ఏదో ఫోనొచ్చింది. గొడుగు తీసుకుని వెళ్లిపోయారు."

చెప్తుంటేనే ఆమె చూపు బల్ల మీదున్న కొత్త పేజీల మీద పడింది. ఇంకా అచ్చు కాని అధ్యాయం. ఈసారి సేనాపతి చంపేది కోటలో పాటలు నేర్పే పంతులమ్మని.

ఆ పంతులమ్మ మొహం అచ్చం అక్క మొహం!

అక్క పాటల టీచర్. అక్కని ఎదురుగా కూర్చోబెట్టుకునే మాస్టారు ఆ బొమ్మ గీశారు. ఆ మాస్టారికి ఏళ్ల తరబడి నిద్ర లేదు. రెండు మాత్రలు వేసుకున్నా తెల్లార్లూ కళ్లు తెరుచుకునే ఉంటాయి.

"మేడమ్! మా అక్క! నాలుగు వీధుల అవతలే క్లాసు... పదండి!"

"మీరెక్కడికీ కదలడానికి లేదు." ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా లేచింది. "ఇద్దరే చూశారన్నారు. అందులో ఒకరు మీరు. జీపు పది నిమిషాల్లో వస్తుంది. కూర్చోండి."

పది నిమిషాలు!

ఇన్‌స్పెక్టర్ ఫోనెత్తి తల అటు తిప్పింది.

పిచ్చుక షీటు కవర్లోకి తోసి, వెనక తలుపు తన్ని, ఎగిరిపోయింది.

* * *

మూడంతస్తుల మేడ. పైన అక్క క్లాసు. కింద గడియారాల షాపు. నెల నుంచి తాళం.

ఎదురుగా బ్యాండువాళ్ల రిహార్సల్ గది. వారం నుంచి నిశ్శబ్దం.

పిచ్చుక ఆ రెండు గుమ్మాల వైపూ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్లూ తట్టనే లేదు! చచ్చిన ఇద్దరూ అక్క చుట్టుపక్కలవాళ్లే. హంతకుడు అక్క గుమ్మం చుట్టూనే తిరుగుతున్నాడు. ఒక్కో అడుగూ దగ్గరికి వేస్తున్నాడు...

మెట్లు. ఒకేసారి రెండేసి.

పైనుంచి చప్పుడు వస్తోంది.

టిక్... టిక్... టిక్...

అక్క మెట్రోనోమ్. పిల్లలకు తాళం తప్పకుండా కొట్టే చెక్క పెట్టె. అది మోగుతోందంటే అక్క ఉంది. బతికే ఉంది!

రెండో అంతస్తు.

టిక్... టిక్...

మూడో అంతస్తు.

టిక్.

ఆగిపోయింది!

తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మం పక్కన గోడకు ఆనించి ఒక గొడుగు. పిడి మీద నీలం మరకలు.

మాస్టారి గొడుగు!

పిచ్చుక దాన్నే కర్రలా పట్టుకుంది. ఫోను లైటు వేసింది. లోపలికి అడుగు పెట్టింది.

బెంచీలు. నల్లబోర్డు. స్టవ్ మీద చిన్న గిన్నె. మైనం కరిగిన వాసన.

"అక్కా?"



లైటు నేల మీద పాకింది. ఒక కాలు. చెప్పు లేని ఎడమ కాలు. ఇంకొంచెం పైకి... నలిగిన చొక్కా... మెడ మీద ఎర్రటి గీత...

తల కింద తిరగేసిన చెప్పు.

నెరిసిన జుట్టు.

మాస్టారు!

చెవుల్లో మైనం ఇంకా ఆవిర్లు కక్కుతోంది.

పిచ్చుక నోరు తెరిచింది. ఇద్దరే చూశారు ఆ చెప్పుని. ఒకరు ఇదిగో, నేల మీద. రెండోది తను. మరి...

"అరవకే," అంది చీకటి. "ఎంత ప్రశాంతంగా ఉందో చూడు."

వెనక తలుపు మెల్లగా మూసుకుంది. గడియ చప్పుడు కూడా కాలేదు.

అక్క!

చేతిలో సన్నటి తాడు.

"అక్కా... నువ్వు... నీకేం కాలేదు కదా? ఎవడు చేశాడిది? ఎటు పోయాడు?"

"పిచ్చి మొహమా." అక్క నవ్వింది. చిన్నప్పుడు జడ వేస్తూ నవ్వే నవ్వే అది. "రోజూ నీకు క్యారేజీ తెచ్చేది ఎవరే?"



క్యారేజీ!

బల్ల మీదున్న క్యారేజీ. ఇన్‌స్పెక్టర్ పక్కకు నెట్టిన క్యారేజీ. పన్నెండేళ్లుగా రోజూ మధ్యాహ్నం ఒకటిన్నరకి అక్క వస్తుంది. బల్ల మీద తడి షీట్లు పక్కకు జరుపుతుంది. గిన్నెలు సర్దుతుంది. పోతుంది.

షీటు చూసినవాళ్లెవరంటే పిచ్చుక పనివాళ్లనే లెక్కేసింది. గీసేవాళ్లు. దిద్దేవాళ్లు. అన్నం పెట్టే మనిషిని లెక్కలోకే తీసుకోలేదు.

"నువ్వు మర్చిపోయావే ఆ చెప్పు," అంది అక్క. "నేను మర్చిపోలేదు. పాపం, తల కింద ఏదో ఒకటి ఉండాలి కదా."

"అక్కా, ఆ తాడు ఇలా ఇవ్వు."

"సేనాపతి మాటలు మీ మాస్టారు ఎక్కడ తెచ్చారనుకున్నావ్? నేను చెప్పినవే! ఆయనకీ నిద్ర లేదు, నాకూ లేదు. కూర్చుని మాట్లాడుకునేవాళ్లం. కింద ఆ ముసలాయన గడియారాలు... వంద గడియారాలే... ఇంటికొచ్చినా రాత్రంతా నా పుర్రెలో కొట్టేవి. ఎదురుగా ఆ డ్రమ్ములు. అన్నీ చెప్పాను. అన్నీ బొమ్మలేశారు."

ఒక్క అడుగు ముందుకు.

"చివరికేం చేశారో చూశావా? నన్ను పాటల పంతులమ్మని చేశారు! సేనాపతి నన్ను చంపుతాడట. నేనే సేనాపతినైతే నన్నెవడే చంపేది? పిలిచి అడిగాను. మార్చండీ అన్నాను. మార్చరట! కథ చెడిపోతుందట!"

పిచ్చుకకి ఇంట్లో గడియారాలు లేవన్న సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితమే అక్క అన్నీ తీసేసింది. "టైం తెలియకపోతే వయసు పెరగదే" అంది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

నేల మీద మాస్టారి బొటనవేలు కదిలింది!

బతికే ఉన్నారు!

అక్క ఆ చూపు పట్టేసింది. "నువ్వు చిన్నప్పట్నుంచీ గురక పెడతావే," అంది ప్రేమగా. తాడు గాల్లోకి లేచింది.

పిచ్చుక గొడుగు అడ్డం పెట్టింది. తాడు గొడుగుకి చుట్టుకుంది. పిచ్చుక లాగింది. ఇద్దరూ బెంచీ మీద పడ్డారు. ఫోను ఎగిరిపడింది. తాడు కొస పిచ్చుక పిడికిట్లోకి వచ్చింది. వదల్లేదు!

మెట్ల మీద బూట్లు.

ఇన్‌స్పెక్టర్!

"మేడమ్! ఇక్కడ!"

అక్క తల వంచి ఆ చప్పుడు వింది. నవ్వింది. తాడు రెండో కొస తన మెడకే తనే చుట్టుకుంది. గడియ తీసింది.

"అమ్మో! చంపేస్తోంది! కాపాడండి! మాస్టార్ని చంపేసింది... నన్నూ..."

తలుపు భళ్లున తెరుచుకుంది. టార్చి వెలుగు. దాని పక్కన తుపాకీ.

ఆ వెలుగులో ఏముంది? నేల మీద మాస్టారు. మెడకు తాడు బిగిసి ఏడుస్తున్న అక్క. తాడు కొస పట్టుకున్న పిచ్చుక.

"వదులు!" ఇన్‌స్పెక్టర్ రొప్పుతోంది. "నేనన్నానా! ఇద్దరిలో ఒకరివని!"

"మేడమ్, నేను కాదు... అక్క..."

"తాడు వదులు! మూడు లెక్కపెడతా. ఒకటి!"

వదిలింది.

అక్క ఇన్‌స్పెక్టర్ వైపు పాకుతోంది. వెక్కుతోంది. ఆమె కుడి చెయ్యి మాత్రం స్టవ్ పక్కనున్న మైనం కోసే చాకు మీద వాలింది. ఇన్‌స్పెక్టర్ కళ్లు పిచ్చుక మీదే ఉన్నాయి.

"చేతులు పైకి! రెండు!"

ఎలా చెప్పాలి? ఏం చెప్తే నమ్ముతుంది?

పిచ్చుక మోచేతికి చెక్క పెట్టె తగిలింది.

మెట్రోనోమ్.

వేలితో కొక్కెం జరిపింది.

టిక్.

అక్క ఏడుపు టక్కున ఆగింది.

టిక్... టిక్...

"ఆపు," అంది అక్క. ఆ గొంతులో వెక్కిళ్లు లేవు.

పిచ్చుక పెట్టెను గుండెలకు హత్తుకుంది.

టిక్... టిక్... టిక్...

"ఆపవే! ఆపు! ఆపు! ఆపు!!"

ఇన్‌స్పెక్టర్ టార్చి గిర్రున తిరిగింది. ఆ వెలుగులో అక్క మొహం మొహంలా లేదు. చాకు పైకి లేచింది. మెడకు తాడు వేలాడుతుండగానే చెల్లెలి మీదకు దూకింది...

ఢాం!

గోడ దగ్గర మాస్టారు ఖళ్లున దగ్గారు. ఊపిరి ఈడుస్తున్నారు. ఇన్‌స్పెక్టర్ ఆయన వైపు పరిగెత్తింది.

అక్క పిచ్చుక ఒళ్లో పడి ఉంది. పక్కటెముకల కింద నుంచి వెచ్చగా కారుతోంది. రెండు చేతులతో ఎంత అదిమినా ఆగడం లేదు.

టిక్... టిక్...

"అక్కా! అక్కా, ఆపేస్తున్నా... ఇదిగో ఆపేస్తున్నా, ఉండు..."

నెత్తుటి చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది.

"వద్దే... ఉండనీ." అక్క రెప్పలు వాలుతున్నాయి. "నిద్రొస్తోంది..."

పిచ్చుక ఆపలేదు. తన చెప్పు విప్పి అక్క తల కింద పెట్టబోయి... ఉలిక్కిపడి దూరంగా విసిరేసింది. చెయ్యే పెట్టింది.

కీ అయిపోయేదాకా ఆ పెట్టె కొడుతూనే ఉంది.