మోకాలి మీద పట్టు

మా ఎక్స్‌రే గదిలో దెయ్యాలకు చోటు లేదు, ఉన్న జాగా మెషిన్లకే చాలదు అని నవ్వులాడేదాన్ని. ఆ మధ్యాహ్నం దాకా.

బల్ల మీద ఉన్నది మా అమ్మ. నాన్న పోయినప్పటి నుంచి ఆమె కుడి మోకాలు ఒకటే పోటు. "మీ నాన్నలాగే ఈ నొప్పిది కూడా ఉడుంపట్టే," అనేది. కోత పెద్దగా ఉండదని, తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి నొప్పిని పెంచే రక్తనాళాలను ఇసుక రేణువుల్లాంటి పూసలతో మూసేస్తారని చెబితే ఒప్పుకుంది. అమ్మ మళ్లీ నడవాలి. నాకు కావలసింది అదొక్కటే. సొంతవాళ్ల కేసులో చెయ్యి పెట్టకూడదని మాలో ఒక కట్టుబాటు ఉంది. నేను వినలేదు.

దీపాలు తగ్గించారు. స్పిరిట్ వాసన ముక్కుకు ఘాటుగా తగిలింది. పూసలు పక్కదారి పట్టి చర్మం దెబ్బతినకుండా మోకాలి మీద ఐసు సంచి పెట్టాను. డాక్టరు గొట్టంలోంచి రంగుమందు వదిలాడు. తెర మీద నాళాలు నల్లగా విచ్చుకున్నాయి.

ఐదు. మోకాలిని చుట్టి, బిగించి పట్టుకున్నాయి. నాలుగోది పొట్టిగా ఉంది.

నాన్న ఉంగరపు వేలు ఎప్పుడో ప్రెస్సు మెషిన్‌లో పడి సగం తెగిపోయింది.

తెర వైపు చూపించాను. "డాక్టర్ గారూ, అవి..."

"అక్కర్లేనివేనమ్మా. మూసేద్దాం."

ఒకటి మూశాడు. తెర మీద వేలు మాయమైంది. రెండు... మూడు... మెలకువగానే ఉన్న అమ్మ నా వైపు తల తిప్పింది.

"మీ నాన్న పోయేటప్పుడు ఇక్కడే పట్టుకున్నాడే," అంది గుసగుసగా. "విడిపిస్తే ఎక్కడికి పోతాడు?"

"మాట్లాడకమ్మా."

నాలుగు... ఐదు. ఆ చెయ్యి లేదు. "హాయిగా ఉంది," అంటూ అమ్మ ఏడ్చింది.

మేం వేసుకునే సీసపు ఏప్రాన్ మోకాళ్ల దాకానే వస్తుంది. దాని అంచు కింద నా మోకాలికేదో చల్లగా తగిలింది. ఐసు సంచి జారిందేమో అనుకున్నాను. సంచి బల్ల మీదే ఉంది.

మెల్లగా... బిగుసుకుంది.

ఇప్పుడు అమ్మ మెట్లు చకచకా ఎక్కేస్తోంది. గోడ పట్టుకుని ఎక్కుతున్నది నేను. నిన్న నా పక్కన కూర్చుని, నా మోకాలి చుట్టూ కమిలిన ఐదు మచ్చలను ఒక్కొక్కటిగా నిమిరింది. పొట్టిదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. భయపడుతుందనుకున్నాను.

"ఆయనకు మొదట్నుంచీ నువ్వంటేనే ప్రాణం," అంది నవ్వుతూ.