ఫైర్‌మన్ ఎవరిని వెతికాడు?

కెమెరా బ్యాగును గుండెకు హత్తుకుని వచ్చిన వినీత్ కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు.

"మేడమ్, ఆ అపార్ట్‌మెంట్ తగలబెట్టింది నేనేనని పోలీసులు అనుకుంటున్నారు. అరెస్ట్ చేస్తే జాబ్ పోతుంది, హెచ్-వన్ వీసా పోతుంది. నేను ఫొటోలు మాత్రమే తీశాను!"

అది 2009 అక్టోబరు. అమెరికాలోని మోరిస్‌విల్‌లో తెలుగువాళ్ళకు చిక్కొస్తే ప్రైవేట్ డిటెక్టివ్ చాముండేశ్వరి గడప తొక్కేవారు. ఆమె అసిస్టెంట్ రాధాకృష్ణ కాఫీ ఇచ్చాడు.

వినీత్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మంటలార్పే ఫైర్‌మన్లను ఫొటోలు తీయడం అతని పిచ్చి. గురువారం మధ్యాహ్నం ఇంట్లోంచి పనిచేస్తుండగా, ఎదురు బిల్డింగ్ కింది వాటాలో మంటలు లేచాయి. ఫైరింజన్ కంటే ముందే అతని కెమెరా అక్కడుంది. ఆ వాటా ఆంజనేయప్రసాద్, సుమతి దంపతులది. ఇద్దరూ ఆఫీసులో ఉన్నామన్నారు. కానీ వంటింట్లో స్టవ్ వెలుగుతోంది, వెనక తలుపు తెరిచి ఉంది. ఎవరో చొరబడి అంటించారని పోలీసుల అనుమానం.

"పైగా నేను వాళ్ళింటి చుట్టూ తచ్చాడేవాణ్ణని ప్రసాద్ అంకుల్ పోలీసులకి చెప్పారట."

"తచ్చాడావా?"

"ఫైర్ స్టార్టయ్యాక, మేడమ్! ముందు కాదు."

లాప్‌టాప్‌లో ఫొటోలు తెరిచాడు. రాధాకృష్ణ నోరు వెళ్ళబెట్టాడు. "అబ్బ, ఆ మంట చూడండి మేడమ్!"

"మంట అందరూ చూస్తారులే. నువ్వు కింద చూడు."

మొదటి ఫొటోలో ఫైర్‌మన్లు గొడ్డలితో ముందు తలుపు పగలగొడుతున్నారు. గుమ్మం పక్కన నల్లటి ఆఫీసు బూట్లు, వాటిలో కుక్కిన సాక్సు. రెండో ఫొటోలో మంట తగ్గింది. వాళ్ళ కెప్టెన్ వేలు ఆ బూట్ల వైపు చూపిస్తోంది. మూడోదానిలో ఒక ఫైర్‌మన్ పొగలోకి మళ్ళీ పాక్కుంటూ వెళ్తున్నాడు.

"ఆ వెంటనే సీలింగ్ అతని మీద పడింది. భుజం విరిగింది, ఇంకా హాస్పిటల్లోనే ఉన్నాడు." వినీత్ తల దించుకున్నాడు. "ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చుకుంది ఆ ఫొటోనే. సిగ్గేస్తోంది మేడమ్."

ప్రసాద్ దంపతులు స్నేహితుల ఇంట్లో తలదాచుకున్నారు. ఆ గుమ్మం ముందు సరికొత్త గోధుమరంగు బూట్లున్నాయి. షాపు స్టిక్కరైనా ఊడలేదు. చాముండేశ్వరి వాటిని దాటి లోపలికి వెళ్ళింది.

"ఒంటిమీదవి తప్ప ఏమీ మిగల్లేదండీ," అంది సుమతి. "సరిగ్గా ఆ టైమ్‌కి ఈయనతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. మధ్యలోనే కట్ చేసేశారు."

"మీటింగ్‌కి పిలిచారు," అన్నాడు ప్రసాద్, కిటికీలోంచి చూస్తూ.

"బయటున్న బూట్లు బావున్నాయండీ. కొత్తవా?"

సుమతే నవ్వింది. "ఇన్నాళ్ళకి కొన్నారు! ఆఫీసుకి ఒకే ఒక్క నల్లజత. రెండో జత కొనమంటే ప్రాణం పోయేది ఈయనకి."

ప్రసాద్ నవ్వలేదు.

మర్నాడు సాయంత్రం అందరూ చాముండేశ్వరి ఆఫీసులో కూర్చున్నారు. ఆమె మొదటి ఫొటోను బల్లమీద పెట్టింది.

"సుమతిగారూ, ఈ బూట్లు ఎవరివి?"

సుమతి వంగి చూసింది. ముఖంలో రంగు మారింది. "ఈయనవే. కానీ పొద్దున్నే వేసుకుని వెళ్ళారే!"

"వెళ్ళారు. తిరిగొచ్చారు. సాక్సు బూట్లలో కుక్కి లోపలికెళ్ళారు. ఆఫీసులోనే ఉన్న మనిషైతే ఆ జత కాళ్ళకే ఉండేది, కొత్తవి కొనే పనిలేదు. అనుమానమొచ్చి నిన్న వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాను. ప్రసాద్ గారిని ఆగస్టులోనే లేఆఫ్‌లో తీసేశారు."

చాముండేశ్వరి ప్రసాద్ వైపు తిరిగింది.

"రోజూ కారు లైబ్రరీ దగ్గర వదిలి నడిచి ఇంటికొచ్చేవారు, లైబ్రరీ వాళ్ళే చెప్పారు. అన్నీ దాచగలిగారు. కానీ అబద్ధమాడే మనిషి కూడా మన ఇళ్ళల్లో బూట్లు బయటే విప్పుతాడు. స్టవ్ మీద నూనె పెట్టారు. సుమతిగారి ఫోనొచ్చింది. వంటింటి చప్పుడు వినబడకూడదని బెడ్‌రూమ్‌లోకెళ్ళి తలుపేసుకున్నారు. అవునా?"

"వడియాలు వేయిద్దామని," అన్నాడు ప్రసాద్. "తలుపు తీసేసరికి మంట సీలింగ్‌కి అంటుకుంది. ఫోన్ కట్ చేసి వెనకనుంచి పరిగెత్తాను, ఉత్తకాళ్ళతో. ఇంట్లో ఉన్నానంటే ఎందుకున్నావని అడుగుతారుగా..."

"అందుకని నన్ను ఇరికించారా అంకుల్?"

చాముండేశ్వరి మూడో ఫొటోను ముందుకు జరిపింది. "బూట్లున్నాయంటే మనిషి లోపలే ఉన్నాడనుకున్నాడు కెప్టెన్. ఈ ఫైర్‌మన్ వెతికింది మిమ్మల్నే."

సుమతి ఆ ఫొటోను చేతిలోకి తీసుకుని భర్తని అడిగింది.

"లోపల ఎవరైనా ఉన్నారా అని వాళ్ళు అరిచినప్పుడు మీరెక్కడున్నారు?"

"జనంలో... వెనక."

"ఎంత దూరంలో?"

"పిలిస్తే పలికేంత."

సుమతి లేచి కారు తాళాలు తీసుకుంది. "లేవండి. ముందు హాస్పిటల్‌కి. అక్కణ్ణించి ఈ అబ్బాయిని తీసుకుని పోలీసుల దగ్గరికి."

"ఆ ఫైర్‌మన్‌కి ఏమని చెప్పను?"

"లోపల ఎవరూ లేరని చెప్పండి," అంది సుమతి.