పదికి రెండు మార్కులు

వనజ నాకు పదికి రెండే మార్కులు వేసింది. అది అన్యాయం.

పత్తి సాగు మీద ఏదో విదేశీ యూనివర్సిటీ వాళ్లు ఫోన్‌లో ఉచితంగా చెప్పే కోర్సు అది. ఏడో తరగతితో ఊరి బడి వదిలిన నన్ను కూడా చేర్చుకున్నారు. నా బతుకులో ఒక్క సర్టిఫికెట్ లేదు. మా తెలుగు గ్రూపులో నూట పది మంది చేరారు. ఐదో వారానికి ఇద్దరం మిగిలాం. జమ్మికుంట పక్క ఊళ్లో నేను, దూరాన బోథ్‌లో తండ్రి చేను చేసుకునే వనజ. ఆ కోర్సులో సార్లు పేపర్లు దిద్దరు. ఒకరిది ఒకరం దిద్దుకోవాలి.

ఆ వారం పరీక్షకు నేను ఏరిన పత్తి ఫొటో పంపాను. "తూకం పెరగాలని నీళ్లు చల్లిన పత్తి" అని రాసి రెండు వేసింది. పాసవ్వాలంటే ఐదు రావాలి. కోర్సు మానేస్తున్నానని గ్రూపులో రాసేశాను.

నిమిషంలో వనజ ఫోన్.

"సార్, మీరు బంద్ వెడితే నా పేపర్ ఎవరు దిద్దుతరు? ఐదు వారాలు సిగ్నల్ కోసం గుట్టెక్కి చదివిన!"

"నీళ్లు చల్లెటోనితోని మీకేం పని మేడం?"

"చల్లలేదా?"

"చల్లలే!"

"మా అక్క జమ్మికుంటలనే ఉన్నది. శుక్రవారం వస్త. పత్తి మార్కెట్‌కు తీస్కరాండ్రి. తేమ మిషన్ చెప్తది ఎవరిది తప్పో."

నా భార్య రమ పోయి ఐదేళ్లు. ఆ ఐదేళ్లలో నేను అద్దం చూసుకుని ఇల్లు కదిలింది లేదు. ఆ శుక్రవారం చూసుకున్నాను.

వనజ ఆకుపచ్చ చున్నీ నడుముకు బిగించి మార్కెట్‌కు వచ్చింది. నమస్తే కూడా చెప్పకుండా నా బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. తేమ ఎనిమిది శాతం ఉండాల్సిన చోట మిషన్ పదిహేడు చూపించింది.

"మంచు," అన్నాను. "పొద్దుగాల్నే ఏరిన."

"మంచు ఆరినంక ఏరాలెనని మూడో పాఠంల చెప్పిండ్రు గద!"

"నా ఫోన్ల వీడియో గుండ్రంగ తిరుక్కుంట అక్కడనే ఆగింది."

పగలబడి నవ్వింది. మిషన్ పట్టుకున్న గుమాస్తా కూడా నవ్వాడు. వాణ్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

"నీళ్లు చల్లిండ్రన్న మాట వాపస్ తీసుకుంటున్న," అంది. "మార్కులైతే గవ్వే. ఆదివారం దాకా టైముంది. మళ్ల పంపుండ్రి."

"రమ ఉన్నప్పుడు మంచు ఆరేదాక నన్ను చేన్లకు పోనియ్యకపోతుండె," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆమె గురించి బయటివాళ్లతో మాట్లాడింది అదే మొదలు.

వనజ నవ్వు ఆగింది. "రమక్క ఉంటే మీకు పదికి పది వచ్చేటియి."

శనివారం ఎండెక్కాక ఏరాను. తేమ ఎనిమిది. ఫొటో పంపి, ఆమె పేపర్ ముందేసుకుని తప్పు వెతికాను. దొరకలేదు. పది వేశాను.

ఆదివారం నా మార్కులు వచ్చాయి. తొమ్మిది. వెంటనే ఫోన్ చేశాను.

"ఒక్కటి ఎందుకు కోసినవ్?"

"కోయకుంటే ఫోన్ చేస్తుంటివా?"

"వనజా, వచ్చే ఏడు పత్తి ఎప్పుడు ఏరాలెనో చెప్పెటందుకు మా ఇంటికే రారాదు?"

చప్పుడు లేదు. సిగ్నల్ పోయిందని పరుగున మిద్దెక్కాను.

"హలో! హలో!"

"ఉన్న, ఉన్న. జర ఆగు, సంతోషపడనియ్యి," అంది. "ముందుగాల మా బాపును అడుగు. ఆయన నాకంటె గట్టిగ దిద్దుతడు."

వాళ్ల బాపు నన్ను పాస్ చేశాడు. ఇప్పుడు మా ఇంట్లో రమ ఫొటో పక్కన నాదీ వనజదీ రెండు సర్టిఫికెట్లు ఉన్నాయి. మొదటిసారి వేసిన ఆ రెండు మార్కులు మాత్రం అన్యాయమే. ఇక ఆ ముచ్చట నేను ఎన్నడూ ఎత్తను.