మొదట ఎక్కేవాడు

ఆ ఉదయం బెంగళూరు మావళ్ళిలోని తమ ఒంటిగది ఇంట్లో సంగటి కెలుకుతూ అక్కయమ్మ కొడుకు వంక చూసింది. పధ్నాలుగేళ్ళ మునిరాజు ముందు పెట్టిన అంబలి ముట్టకుండా గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఆమె చేయి కడుక్కుని వచ్చి వాడి నుదురు పట్టి చూసింది. చల్లగానే ఉంది. అయినా మనసులో ఊళ్ళో ఉన్న రోగాలన్నీ ఒకసారి మెదిలాయి.

"ఏంరా, కడుపునొప్పా? దాచొద్దు."

"అదేం లేదమ్మా. ఈ పొద్దు కొత్త ఇంటికి రెండో అంతస్తుకు కంబాలు, పలకలతో సారువ కట్టి ఉండాది. ముందు నేనే ఎక్కల్లంట."

"నువ్వేల? పనికి చేరి నెల కాలేదే! గోడ కట్టే పెద్దోళ్ళు లేరా?"

"కొత్త సారువ కడితే ముందు చిన్నోళ్ళే ఎక్కేదమ్మా. పైదాకా పోయి, పలక మీద ఎగిరి చూపించల్ల. నిలిస్తే పెద్దోళ్ళు ఎక్కుతారు."

"నిలవకుంటే?"

మునిరాజు తల వంచుకున్నాడు. "పోయిన వారం కోదండుడు ఎక్కినాడు. పాత తాడు తెగిపాయె."

కోదండుడు వెనక వీధి కదిరమ్మ కొడుకు. మోకాలు విరిగి మంచం మీద ఉన్నాడు. పని జాగాలో ఆటలాడి పడ్డాడని అక్కయమ్మతో మొగుడే చెప్పాడు. ఆ మాట నమ్మి తనే వెళ్ళి, "నీ కొడుకు అల్లరి కొంచెం అదుపులో పెట్టుకో కదిరమ్మా" అని బుద్ధి చెప్పి వచ్చింది. కదిరమ్మ మొగుడు లేని మనిషి. మేస్త్రి పెళ్ళాన్ని ఏమనగలదు?

మేస్త్రి నరసింహప్ప స్నానం చేసి వచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాడు. సంగటి తుంచి, పప్పులో ముంచి, గుటుక్కున మింగాడు. అక్కయమ్మ వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"కోదండుణ్ణి పరీక్షకు ఎక్కించినావంట గదా?"

ముద్ద చేతిలోనే ఆగింది. "ఎవరు చెప్పినారు?"

"ఎవరైతే ఏం? ఆటలాడి పడినాడని నాకేల చెప్తివి?"

"ఇది మేం పెట్టిన ఆచారం గాదే. పదేళ్ళప్పుడు నన్నూ మా మేస్త్రి ఇట్లే ఎక్కించినాడు. తేలికగా ఉండేవాడు పోతే కంబం మీద బరువు పడదు. లావాటి మనిషి పోయి పడితే..."

"పడితే?"

"ఇంటికి సంపాదించేవాడు పోతాడు గదా!"

"పిల్లోడు పోతే ఏమీ పోదా?"

నరసింహప్ప గొంతు తగ్గించాడు. "ఊరోళ్ళ బిడ్డల్నే ఎక్కిస్తాడు, తన కొడుకును దాస్తాడు అని నవ్వుతారే. అందుకే ఈ పొద్దు మనోణ్ణే పంపిస్తా ఉండా. అది న్యాయం గాదా?"

"థూ! ఒక కాలు విరిచి, న్యాయం కోసం ఇంకో కాలు విరుస్తావా? తాళ్ళు తెగొచ్చని నీకు తెలుసు. తెలిసే బిడ్డల్ని పంపిస్తావు. నీ పక్కన కూర్చోవాలంటేనే అసహ్యంగా ఉండాది నాకు."

అతను పళ్ళెం నెట్టి లేచాడు. అక్కయమ్మ కూడా లేచి, కొడుకు చేయి పట్టుకొని జయనగరలో ఆ ఇల్లు కడుతున్న జాగా దాకా అతని వెనకే నడిచింది.

"ఏం మేస్త్రీ, పెళ్ళాన్ని కూలికి పిలుచుకొచ్చినావా?" అని ఒకడు నవ్వాడు. ఆమె పట్టించుకోకుండా మొగుడి వైపు తిరిగింది.

"ఎక్కించు, ఎవర్నైనా ఎక్కించు. గానీ ముందు ఇసుక మూటలు ఎక్కించు. వాటికి అమ్మలు లేరు."

నవ్వులు వినపడినా, ఆమె కళ్ళలోకి చూడలేక నరసింహప్ప మూటలు పైకి లాగించాడు. పిల్లలు ఎగిరే చోటే ఒకటి పెట్టారు. రెండోది పెట్టారు. మూడోదానికి పాత తాడు ముడి జారింది. అడ్డకంబం గిర్రున తిరిగి, మూటలు రెండంతస్తుల ఎత్తు నుంచి పడి నేల మీద పగిలాయి. మునిరాజు కాళ్ళ దాకా ఇసుక ఎగిరింది.

ఎవరూ నవ్వలేదు. నరసింహప్ప ఆ ఇసుక కుప్ప ముందు కూలబడి కొడుకును ఒళ్ళోకి లాక్కున్నాడు. తర్వాత తాళ్ళన్నీ కోయించి కొత్తవి తెప్పించాడు. మళ్ళీ మూటలు పెట్టి చూసి, అవి నిలిచాక తనే మొదట ఎక్కాడు. "ఇంక మీద కట్టినోడే ఎక్కల్ల, పిలకాయలు గాదు" అని పైనుంచే అరిచాడు.

సాయంత్రం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కదిరమ్మ గుమ్మంలో నిలబడ్డారు. "నీ బిడ్డ తప్పేం లేదమ్మా. తెగే తాడని తెలిసే ఎక్కించినాను" అన్నాడు నరసింహప్ప, తల ఎత్తకుండానే. అక్కయమ్మ చేతులు జోడించింది.

కదిరమ్మ అక్కయమ్మ వైపు తిరిగింది.

"ఈ పొద్దు మీవాణ్ణి ఎక్కిస్తారని మావోణ్ణి చూడొచ్చిన పిలకాయలు చెప్పినారు. పొద్దున్నించి నాకు కూడు దిగలేదక్కా. వాడు బాగుండాడు గదా?"

అక్కయమ్మ ఆమె భుజం మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది.